తరగని పసుపు రాశి

పసుపు తొక్కుడు అయిపోయిన మర్నాడే పిల్లను ఏర్గట్లకు పంపాలని నాగవ్వ తేల్చేసింది. ఆ ఇంట్లో నాగవ్వ తేల్చిన సంగతిని మళ్లీ కదిపేవాళ్లు లేరు. మొగుడు పోయాక ఇద్దరు కొడుకులనూ పసుపు చేనునూ ఒంటిచేత్తో నిలబెట్టుకొచ్చిన మనిషి. ఆర్మూర్ బజారులో పసుపు కొనే అడ్తి షావుకారు కూడా ఆమె ముందు కొమ్ము విరిచి చూసేటప్పుడు నోరు అదుపులో పెట్టుకునేవాడు.

పిల్ల పేరు గంగామణి. అందరూ మణి అంటారు. పెద్దకొడుకు ఎంకటికీ కోడలు శాంతవ్వకూ ఒక్కతే కూతురు. ఏడేళ్లొచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. చెవుడేమో అనుకుందామంటే, అటక మీద బెల్లపు కుండ మూత కదిలిన చప్పుడుకే వాకిట్లోంచి పరుగెత్తుకొస్తుంది. ఎవరి చెయ్యి తగిలినా నిప్పు తగిలినట్టు అరుస్తుంది. పొద్దస్తమానం వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు ఒకటే పరుగు. అడ్డుపడితే తల గోడకేసి కొట్టుకుంటుంది. ఎవరైనా గొళ్లెం మరిచారంటే బజారు రోడ్డు మీద ఉంటుంది. ఎదురుగా బండి వస్తోందా, లారీ వస్తోందా అని చూడదు. నిజామాబాద్ తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించారు. పెద్దదైతే మాటలొస్తాయన్నాడాయన. తాయెత్తు కట్టించారు. దాన్ని ఆ పూటే పీకి పారేసింది.

నయాపైసలు వచ్చి ఏళ్లు గడిచినా బజారులో ఇంకా అణాల్లోనే బేరాలాడుతున్న రోజులవి. ఆ ఏడు పసుపు ఉడకబెడుతుండగా జరిగింది. చేను గట్టున కడాయి కుతకుతలాడుతోంది. ఆవిరిని చూసిందో, ఆ చప్పుడు విన్నదో, మణి నేరుగా పొయ్యి మీదికే పరుగెత్తింది. చిన్నకొడుకు నడిపయ్య ఉరికి జుట్టు దొరకబుచ్చుకోబట్టి పిల్ల మిగిలింది. (నడిపయ్య తరువాత ఇంకొకడు పుట్టి పురిట్లోనే పోయాడు. వాడు పోయినా వీడికి నడిపోడన్న పేరు మాత్రం నిలిచిపోయింది.)

ఆ సాయంత్రమే నాగవ్వ అరుగు మీద కూర్చుని తెగేసి చెప్పింది.

"మా చిన్నవ్వకు పిల్లల్లేరు. చేన్ల ఇల్లు. అక్కడ రోడ్డు లేదు, కడాయి లేదు. ఒక అర్ర ఉన్నది, దానికి టేకు తలుపున్నది. పిల్ల పానమన్న దక్కుతది. తొక్కుడు అయిపోంగనే మా మల్లయ్య బండి కట్టుకొని వస్తడు."

చిన్నవ్వ నాగవ్వ చెల్లెలు, మల్లయ్య తమ్ముడు. ఇద్దరిదీ ఏర్గట్లే.

"తలుపుకు గొళ్లెం బయటికెళ్లి వెడ్తరా అవ్వా?" అన్నాడు ఎంకటి నేల చూస్తూ.

"వెట్టకుంటే ఎట్ల?"

శాంతవ్వ అప్పుడు మండ దుంపలను కొమ్ములను వేరు చేస్తోంది.

"తొక్కుడు అయిపోయినంకనే గదా అత్తమ్మా?"

"అయిపోయినంకనే."

"సరే" అని మళ్లీ పనిలో పడింది.

ఏడుస్తుందని నాగవ్వ అనుకుంది. ఏడిస్తే ఏం చెప్పాలో సిద్ధం చేసుకుని కూడా ఉంది. ఏడవకపోయేసరికి అదంతా నోట్లోనే ఉండిపోయి, ఆ సాయంత్రమంతా అన్నం సహించలేదు.

ఎండిన పసుపు కొమ్ము గరుకుగా, వేళ్ల పోగులతో ఉంటుంది. ఆ పొట్టు పోయి మెరుగు తేలితేనే బజారుకు పనికొస్తుంది. పెద్ద కమతాల వాళ్లు షౌకత్ దగ్గర చేత్తో తిప్పే పీపాను అద్దెకు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నాగవ్వ వాడలో మాత్రం ఇంకా కాళ్లతోనే. పెరట్లో బండలు పరిచిన కల్లం మీద పసుపు పోసి, రెండు గుంజలకు రొమ్ము ఎత్తున అడ్డకర్ర కట్టి, పాదాల నుంచి పిక్కల దాకా గోనెపట్టాలు బిగించి చుట్టుకుని, కర్ర పట్టుకుని వరుసగా నిలబడి తొక్కుతారు. అడుగులన్నీ కలిసి పడాలి. కలవకపోతే కొమ్ము విరుగుతుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ ఇంటి పసుపు ఆ ఇంటి కాళ్లే తొక్కాలి. చేన్లో కూలికొచ్చే కైకిలోళ్లు తవ్వచ్చు, మోయచ్చు. కల్లం మీద మాత్రం బయటి కాలు పడకూడదు. పడితే ఆ ఇంటి లక్ష్మి ఆ కాలి వెంట పోతుందని అక్కడి ఆడవాళ్ల నమ్మకం.

నాగవ్వ మోకాళ్లు పట్టేసి అప్పటికి రెండేళ్లు. అందుకే తొక్కడానికి కొడుకులూ కోడలూ ముగ్గురే దిగారు. ఆమె అరుగు మీద కూర్చుని చూస్తోంది. నడిపయ్య పాట అందుకున్నాడు. అది పాటేమీ కాదు, అడుగు కలపడానికి వాడి నోటికొచ్చిన కూత.

"హే కుడికాలూ... హే ఎడమకాలూ... హే మా అవ్వ జూస్తున్నదీ... హే మెల్లగ దొక్కితే తిడ్తదీ..."

"తిట్టనా మరి? నోటితోని దొక్కుతవా కాళ్లతోనా?" అంది నాగవ్వ.

వాకిట్లో ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతున్న మణి నిలిచిపోయింది. గోనెకాళ్లు పసుపు మీద పడుతున్న చప్పుడుకు తల ఒక పక్కకు వంచింది. ఉన్నట్టుండి పరుగెత్తుకొచ్చి, అడ్డకర్ర కింద నుంచి దూరి, రాశిలో పిక్కల దాకా దిగబడి నిలబడింది. కొమ్ములు గుచ్చుకుంటాయి, ఇప్పుడు అరుస్తుంది అని నాగవ్వ లేవబోయింది. మణి అరవలేదు. నిలబడి ఒక కాలెత్తి దింపింది.

ఎంకటి ఎత్తి పక్కన పెట్టబోయాడు.

"ముట్టకు" అంది శాంతవ్వ. మొగుడితో ఆమె అట్లా గట్టిగా అనడం నాగవ్వ అంతవరకు వినలేదు.

శాంతవ్వ తన కాలి పట్టాను విప్పి రెండు ముక్కలు చింపింది. పిల్ల ఎదుట కూలబడింది. ఒంటి మీద చెయ్యి వేయలేదు. పట్టాను నేల మీద పరిచి ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది. నడిపయ్యకు కూత ఆపవద్దని చేత్తో సైగ చేసింది. చివరికి మణి తనే పట్టా మీద పాదం పెట్టింది. శాంతవ్వ పాదానికి కాక గోనెకే చెయ్యి తగిలేలా చుట్టి, పురికొస బిగించింది. వదులుగా కట్టినప్పుడు పిల్ల కాలు విదిలించింది. గట్టిగా బిగిస్తే నిలిపింది. చిటికెన వేలు కూడా పట్టుకోనివ్వని పిల్ల ఇంత బిగువు ఎట్లా ఓర్చుకుంటోందా అని నాగవ్వ నోరు తెరుచుకుని చూసింది.

ఆ పూట మణి తొక్కింది కొంచెమే. కానీ తొక్కినంతసేపూ పరుగు లేదు, తల కొట్టుకోవడం లేదు. దిగాక గోడకు ఆనుకుని కూర్చుని, వెంటపడి తినిపించవలసిన మక్కజొన్న గట్కను తనంతట తానే తినేసింది.

"అలిసింది, గంతే" అంది నాగవ్వ.

"కావచ్చు అత్తమ్మా" అంది శాంతవ్వ.

మర్నాడు పొద్దున్నే పట్టాలు రెండూ చేత్తో పట్టుకుని మణి అడ్డకర్ర ముందు నిలబడి ఉంది.

ఆ తరువాతి రోజుల్లో కోడలి తీరు చూస్తూ కూర్చోవడమే నాగవ్వకు పనైంది. పప్పు ఎప్పుడు మాడిందో తెలియని మనిషి అని తాను ఎన్నోసార్లు తిట్టిన శాంతవ్వ, పిల్ల దగ్గర ఒక్కటి కూడా మరిచేది కాదు. ముందు పట్టాలు, తరువాత పురికొస, తరువాత కర్ర, తరువాత అడుగు. రోజూ అదే వరుస. నిలబడే చోట్లూ అవే. మొదట ఎంకటి, పక్కన మణి, ఆ పక్కన శాంతవ్వ, చివర నడిపయ్య. ఒకసారి నడిపయ్య తమాషాకు మొదటికి వెళ్లి నిలబడితే పిల్ల గుక్కపట్టి ఏడ్చి, వాణ్ని నడుము దగ్గర తోసి తోసి చివరికి పంపించింది.

"మేస్త్రమ్మ ఒప్పుకుంటలేదు వదినా" అన్నాడు వాడు. "నా జాగ నాకే రాసిచ్చింది."

వాడు నవ్వాడు కాని, శాంతవ్వ మాత్రం పిల్ల చేతులనే చూస్తోంది. "నిన్ను ముట్టింది మరిదీ" అంది. "తనంతల తానే ముట్టింది."

ఎవరూ నేర్పకుండానే పనులు పంచుకున్నారు. కూత నడిపయ్యది. పిల్ల ఆగితే ఆగి, ఎత్తితే ఎత్తడం ఎంకటిది. ఎంకటి మాటకారి కాదు, కూతురితో ఏం మాట్లాడాలో ఏనాడూ తెలియలేదు. ఇప్పుడు మాట అవసరం లేకపోయింది. తండ్రి కాలు లేస్తే బిడ్డ కాలు లేచేది. పురికొస ముడి వేసేటప్పుడు శాంతవ్వ తన వేలు ముడి మీద ఆనించి ఆగేది. కొన్నాళ్లకు ఆ వేలి మీద మణి తన వేలు కూడా పెట్టడం మొదలుపెట్టింది. ఒక రోజు ఎంకటి నందిపేట్‌కు పనిమీద పోతే తొక్కుడు ఆగింది. ఆ మధ్యాహ్నమే పిల్ల మళ్లీ గోడకు తల కొట్టుకుంది. ఆ తరువాత ఎంత పని ఉన్నా ఎవరూ ఆ వేళకు గడప దాటలేదు. జ్వరంలో కూడా నడిపయ్య తువాలు తలకు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

మంచిదే, బండి వచ్చేదాకా పిల్ల నెమ్మదిగా ఉంటుంది అనుకుంది నాగవ్వ.

అయితే రాశి తరగడం లేదు. కాముని పున్నమ దాటిపోయింది. ఎండలు ముదిరాయి. బండి ఎప్పుడు కట్టాలని మల్లయ్య ఏర్గట్ల నుంచి మనిషితో కబురు చేశాడు. చిన్నవ్వ అర్రకు సున్నం కూడా వేయించిందట.

"ఏమిరా, నత్తలు దొక్కినా గీపాటికి అయిపోతుండె గదరా" అని నాగవ్వ కొడుకులను అడిగింది.

"ఈసారి పంట మస్తుగొచ్చింది గదా అవ్వా" అన్నాడు నడిపయ్య. "నువ్వు వెట్టిన పంటనాయె."

ఆ మాటకు కొన్నాళ్లు కడుపు నిండింది. తరువాత విసుగొచ్చింది. ఎవరికీ చెప్పకుండా పీపా షౌకత్‌కు కబురు పెట్టింది. పద్ధతి తప్పినా సరే, పీపాలో వేసి తిప్పితే పని తెగిపోతుంది.

షౌకత్ బీడీ చెవిలో పెట్టుకుని వచ్చాడు. కల్లం మీద కప్పిన గుడ్డ తీశాడు. గుప్పెడు కొమ్ములు తీసుకుని ఎండకు పట్టాడు.

"అరే అవ్వా, యే క్యా హై? దీనికి పీపా ఎందుకు? దీంట్ల మొకం జూసుకొని గడ్డం గీసుకోవచ్చు."

నాగవ్వ మోకాళ్లు పట్టుకుని దిగివచ్చి ఒక కొమ్ము అందుకుంది. బొటనవేలితో రాసింది. పొట్టు లేకపోవడం సరే, కణుపుల గీతలు కూడా అరిగిపోయాయి. గోళీలా నున్నగా ఉంది. విరిచి చూడనక్కరలేకుండానే తెలిసిపోయింది. ఇది ఒకసారి తొక్కిన పసుపు కాదు. తొక్కిన దాన్నే మళ్లీ మళ్లీ తొక్కారు. తూకం ఎంత పోయిందో ఆ కొమ్ము చేతిలో తేలికగా చెబుతూనే ఉంది. వంటింటి గడపలో శాంతవ్వ నిలబడి ఉంది.

"ఎన్నిపార్ల దొక్కిన్రు అవ్వా గీ పసుపును?" షౌకత్ నవ్వుతున్నాడు. "బజార్ల చెప్తె నమ్మరు."

"మా ఇంట్ల గట్లనే దొక్కుతం" అంది నాగవ్వ. ఆ మాట తన నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియలేదు. "నీ పీపల దిప్పినట్టు పైపైన గాదు. చాయ్ దాగి పో."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"గీ మెరుగు నీకు జూపిద్దామనే."

షౌకత్ చాయ్ తాగి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు. నాగవ్వ తలుపు వేసి వెనక్కి తిరిగింది. కొడుకులిద్దరూ గుంజలకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"ఎవలు జేసిన్రు?"

"నేనే అత్తమ్మా" అంది శాంతవ్వ. "పొద్దుగాల దొక్కినదాన్ని మాపటికి మళ్ల రాశిల కలిపిన."

"తట్టలు నేను మోసిన" అన్నాడు నడిపయ్య.

ఎంకటి వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

"మాటిచ్చినవ్ గదనే నాకు?"

"మాట దప్పలే అత్తమ్మా. అయిపోయినంక పంపుతనన్న. అయిపోనియ్యలే."

నాగవ్వకు కోపం రావాలి. దాని కోసం ఒక క్షణం చూసింది కూడా. ఏడాది కష్టాన్ని పొడి చేసి పెట్టారు. కానీ ఆమె కళ్ల ముందు మరొకటి నిలిచింది. ఎండలో పొద్దున్నే తొక్కడం, పిల్ల పడుకున్నాక తట్టలెత్తి మళ్లీ కలపడం, మర్నాడు అదే పసుపును కొత్త పసుపులా తొక్కడం, ఒక్కరు కూడా మొహంలో తేలనివ్వకపోవడం. తన కొడుకులు తన మాటకు భయపడే కొడుకులు. ఆ కొడుకుల చేత, గొంతెత్తకుండా, ఈ మనిషి ఇంత పని చేయించింది. మొగుడు పోయిననాడు తాను చేను వదలనని పాలివాళ్ల ముందు నిలబడింది గుర్తొచ్చింది. అప్పుడు తాను అరిచింది. శాంతవ్వ అరవను కూడా లేదు.

ఇంతలో మణి వచ్చింది. పట్టాలు చేతిలో ఉన్నాయి. అడ్డకర్ర ముందు నిలబడి ఎదురుచూస్తోంది. ఎవరూ కదల్లేదు. పిల్ల గొంతులో సన్నగా మూలుగు మొదలైంది. తల ఊగుతోంది.

"ఏం జూస్తున్రు?" అంది నాగవ్వ. "పిల్ల నిలవడ్డది గదా. కట్టున్రి."

ఆ రోజు తొక్కినంత తొక్కాక పసుపు సంచులకెత్తారు. ఇంకోసారి తొక్కితే పిండే మిగిలేది.

ఎదురుచూసి ఎదురుచూసి మర్నాడు మల్లయ్య తనే బండి కట్టుకుని వచ్చేశాడు. బండిలో గడ్డి పరిచి, దాని మీద చిన్నవ్వ పంపిన బొంత వేసి ఉంది.

"అక్కా, పసుపు అయిపోయిందని వాడల చెప్పిన్రు. పిల్ల బట్టలు గట్టిన్రా?"

"పిల్లనియ్యరా మల్లయ్యా."

"గదేంది? చిన్నక్క సున్నమేయించె, కుక్కను గూడ కట్టేయించె. నువ్వే గదా అంటివి?"

"నేనే అన్న. నేనే ఇయ్యనంటున్న. చిన్నవ్వకు నేనొచ్చి చెప్త."

మల్లయ్య అక్కను ఎగాదిగా చూశాడు. చిన్నప్పటి నుంచీ ఆమె మాట వెనక్కి తీసుకోవడం చూసి ఎరగడు. బండి చక్రానికి ఆనుకుని నిలబడి, నెమ్మదిగా అన్నాడు.

"మంచిదే అక్కా. పిల్ల తొక్కుతాంటె మంచిగుంటున్నదని మనిషి చెప్పిండు. మరి రేపటిసంది ఏం దొక్కిపిస్తవ్? మళ్ల పసుపు ఏడాదికి గదా?"

నాగవ్వ తమ్ముడికి అన్నం పెట్టి పంపించింది. కల్లం ఊడ్చి ఉంది. మణి పట్టాలు పట్టుకుని వచ్చి ఉత్త బండల మీద నిలబడింది. కాలితో బండను రాసింది. మూలుగు మొదలైంది. శాంతవ్వ గబగబా గోనెలు పరిచి దాని మీద తొక్కించబోయింది. చప్పుడు రాలేదు. నడిపయ్య ఇసుక పోశాడు. పిల్ల ఇసుకను తన్నేసి వాకిట్లో పరుగు అందుకుంది.

పక్కింటి పెరట్లో పసుపు రాశి ఉంది. లింగవ్వ చేను ఆలస్యంగా తవ్వారు. ఉడికి, ఎండి, గరుకుగా, ఇంకా కాలు తగలకుండా ఉంది. లింగవ్వతో నాగవ్వకు మురికి మోరీ నీళ్ల దగ్గర తగాదా వచ్చి మాటలు పోయి చాలాకాలమైంది.

నాగవ్వ చేతికర్ర తీసుకుంది.

"ఎటు అత్తమ్మా?" అంది శాంతవ్వ.

"పట్టాలు కట్టుకొని నా ఎనుక రాండ్రి. పిల్లను గూడ కట్టున్రి."

పట్టపగలు, కాళ్లకు గోనెలు చుట్టుకుని, ముందు నాగవ్వ, వెనక వరుసగా మిగిలినవాళ్లు వీధిలో నడిచారు. అరుగుల మీద ఆడవాళ్లు చేటలు దించి చూశారు. సొంత చేను ఉన్న ఇల్లు కైకిలికి బయలుదేరిందా అని ఎవరో కిసుక్కుమన్నారు. నాగవ్వ మెడ తిప్పలేదు.

లింగవ్వ గడపలోనే నిలబడింది.

"ఏందే నాగవ్వా, తొవ్వ మరిచినవా? నీ ఇంట్ల పసుపు సాలలేదా?"

"సాలలేదు" అంది నాగవ్వ. "నీ పసుపు దొక్కుతం లింగవ్వా. కైకిలద్దు. మెరుగు నీకు మా ఇంటి మెరుగే వస్తది. నా మనుమరాలికి తొక్కుడు గావాలె."

"బయటి కాలు వెట్టనిస్తరానే కల్లంల?"

"వెట్టనియ్యరు. నేను గూడ ఎన్నడు వెట్టనియ్యలే. అయినా అడుగుతున్న."

లింగవ్వ ఇంకేదో అనబోయింది. మోరీ నీళ్ల సంగతే అయి ఉంటుంది. ఇంతలో మణి ఆమె పక్క నుంచి దూసుకుపోయి, కల్లం దగ్గర అడ్డకర్ర పట్టుకుని నిలబడింది. పరుగెత్తలేదు, అరవలేదు. తన పక్కన ఖాళీగా ఉన్న చోటును చూస్తూ నిలబడింది. ఎంకటి వెళ్లి ఆ చోట నిలబడ్డాడు. శాంతవ్వ ఇటు నిలబడింది. నడిపయ్య చివర.

లింగవ్వ మణి వైపు చెయ్యి చూపింది.

"గా పిల్లేనా, మొన్న రోడ్డు మీద లారీకి అడ్డం వడ్డది?"

"గా పిల్లనే."

"తొక్కున్రి మరి" అంది లింగవ్వ, గడప నుంచి పక్కకు జరిగి. "కొమ్ము విరిగితె ఊకోను."

నాగవ్వ చేతికర్రను గోడకు ఆనించింది. శాంతవ్వ దగ్గర మిగిలిన గోనెముక్కను చుట్టమని కాలు చాపింది.

"మోకాళ్లు అత్తమ్మా..."

"నా మోకాళ్ల సంగతి నాకు ఎరుకనే. గట్టిగ బిగియ్యి."

కర్ర పట్టుకుని మనుమరాలి పక్కన, కొడుకుకూ మణికీ నడుమ దూరి నిలబడింది. మణి మొహం చిట్లించింది. ముసలిదాని నడుము మీద రెండు చేతులూ ఆనించి తోసింది. అటు కాదు, ఇటు. ఎంకటిని దాటించి, మొదటికి. నాగవ్వ పడబోయి కర్ర పట్టుకుని నిలదొక్కుకుంది.

"జాగ దొరికిందా అవ్వా?" అన్నాడు నడిపయ్య.

"దొరికింది. కూత వెట్టు" అంది నాగవ్వ, కుడికాలు ఎత్తుతూ.